లెక్కలమ్మగారు

ఆవిడ పోయారన్న కబురు నాకు అనకాపల్లి బస్‌స్టాండులో తెలిసింది. పినతల్లి కూతురి సీమంతం చూసుకుని చోడవరం తిరిగి వస్తున్నాను. బస్సెక్కబోతుంటే వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. నాతోపాటు ట్రైనింగు చదివిన స్నేహితురాలు. ఇప్పుడు విశాఖపట్నంలో పాఠాలు చెబుతోంది.

"మీ ఇంట్లో అద్దెకుండేవారే, జనాభా లెక్కలావిడ, పోయేరే పాపం. నీకు తెలీదా? కామెర్లు ముదిరిపోయేయట. ఆస్పత్రిలో దగ్గర కూర్చోడానికి కూడా ఎవరూ లేరట" అంది.

నేను నోరు తెరిచేలోగా కండక్టరు రైటన్నాడు. ఎక్కి కూర్చున్నాను. రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు. బస్సు ప్రతి బండి వెనకా నెమ్మదించి హారన్ కొడుతోంది. నాకు ఏడుపు రాలేదు. వెంకన్నపాలెం దగ్గర ఒకామె చంటిపిల్లని ఎత్తుకుని ఎక్కి, "కూకోడానికి సోటుందేటమ్మా?" అని అడిగితే, జరగడానికి బదులు బావురుమన్నాను. పాపం, ఆమె బెదిరిపోయి నిలబడే ప్రయాణం చేసింది.

ఆవిడ అసలు పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు గాని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పల్లెల్లో పెట్టిన పేరే చివరికి మాకూ అలవాటైపోయింది. లెక్కలమ్మగారు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నాకు చోడవరం ఆడపిల్లల బడిలో అప్పుడే ఉద్యోగమైంది. మా నాన్నగారు మునసబు కోర్టులో గుమాస్తా. మా వీధిగది ఖాళీగా ఉంటే, "మద్రాసులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నావిడ, ఒంటరి మనిషి, మర్యాదస్తుల ఇల్లు కావాలి" అని తెలిసినవాళ్ళు చెప్పి పంపారు. జట్కాలోంచి ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఆ తర్వాత ఆవిడ దిగారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. నలభైకి దగ్గరపడిన వయసు. మోచేతుల దాకా జాకెట్టు, సన్నంచు నేత చీర, చేతిలో మగవాళ్ళు పట్టుకునే నల్లగొడుగు. ఆ గొడుగు విప్పగా నేను చూసింది తక్కువ. కుక్కలు మీదికి రాకుండా పట్టుకుంటానని చెప్పేవారు. మా వీధికుక్కలేమో ఆవిణ్ణి చూడగానే తోకలూపుకుంటూ వెంటపడేవి.

మొదటిరోజు మా అమ్మ కాఫీ ఇస్తే, "పంచదార లేకుండా ఇస్తారా?" అని అడిగారు.

అమ్మ తెల్లబోయింది. "బెల్లం వండే ఊరికొచ్చి చేదు తాగుతానంటారేటమ్మా! ఎవరైనా వింటే మా ఇంట్లో పంచదారకి గతిలేదనుకుంటారు."

"అయితే తలుపు వేసుకుని తాగుతానండి" అన్నారావిడ.

నిజంగానే గదిలోకి తీసుకెళ్ళి తాగారు. అమ్మ ఎంతగా నవ్విందంటే, ఆ నవ్వుతోనే ఆవిడ మా ఇంటి మనిషైపోయారు.

మనిషి చేసే పనేమిటో తెలిస్తేగాని మా నాన్నగారికి మాట కలిసేది కాదు. "ఇంతకీ మీరు కనిపెట్టేదేమిటమ్మా?" అని అడిగారు.

"కనిపెట్టడానికేం లేదండి. ఇదివరకు పుట్టిన పిల్లల్లో చాలామంది జ్వరాలకీ, మశూచికీ పోయేవారు. ఇప్పుడు గోడలకి మలేరియా మందు కొడుతున్నారు, టీకాలు వేస్తున్నారు, పిల్లలు బతుకుతున్నారు. బతికినవాళ్ళకి అన్నం కావాలి, పని కావాలి, పొలం కావాలి. పొలం పెరగదు కదండీ. జనం పెరిగితే ఊరి బతుకుతెరువు ఏమవుతుందో ఇల్లిల్లూ తిరిగి చూడాలి."

"ఏమవుతుంది మరి?"

"అది తెలీకే వచ్చేను."

ఈ జవాబు నాన్నగారికి ఎంత నచ్చిందో చెప్పలేను. కోర్టులో కూడా చెప్పుకున్నారట.

ఆదివారాల్లోనూ సెలవురోజుల్లోనూ నేను ఆవిడకి తోడు వెళ్ళేదాన్ని. పల్లెల్లో కొత్త మనిషిని, అందులోనూ గొడుగు పట్టుకున్న ఆడమనిషిని చూస్తే శిస్తు పెంచడానికి వచ్చిందని తలుపులు మూసుకునేవారు. నేను పక్కనుంటే, "పంతులమ్మగోరు ఒచ్చేరు" అని మంచం వాల్చేవారు. ఆవిడ మంచమ్మీద కూర్చునేవారు కాదు. గడప పక్కన నేలమీద చతికిలబడి, ఇంటావిడ బియ్యం ఏరుతుంటే తనూ ఏరేవారు, చింతపండు గింజ తీస్తుంటే తనూ తీసేవారు. చేతులు పనిలో ఉంటేనే మాట వస్తుందని ఆవిడ నమ్మకం. మాట్లాడుతున్నంతసేపూ ఒక్క ముక్క రాసేవారు కాదు. బొటనవేలితో వేళ్ళ కణుపులు నొక్కుకుంటూ గుర్తుపెట్టుకుని, బయటికొచ్చాక ఏ బండి నీడనో నిలబడి గబగబా రాసుకునేవారు. ఎదురుగా కాగితం కనపడితే మనిషి మొహం మారిపోతుందనేవారు. ఎవరేం చెప్పినా చివర, "ఇంకా?" అనేవారు. ఆ "ఇంకా" అనడంలో తొందర ఉండేది కాదు. పొద్దువాలే దాకా కూర్చుంటాను, నెమ్మదిగా చెప్పమ్మా అన్నట్టు ఉండేది.

అయినా మొదట్లో ఏ ఇంటికెళ్ళినా ఒకటే చిక్కు వచ్చిపడేది.

"పిల్లలెంతమందమ్మా?"

"ఇద్దరండి."

"పుట్టినవాళ్ళెంతమంది?"

ఇంటావిడ చేటలోకి చూస్తూ ఉండిపోయేది. లోపల్నుంచి అత్తగారు అందుకునేది. "పోయినోల్ల లెక్కెందుకు తల్లీ? ఉన్నోల్లు సల్లగుంటే సాలు." అక్కడితో మాట ఆగిపోయేది. పోయిన పిల్లల పేరెత్తితే ఉన్నవాళ్ళకి కీడని వాళ్ళ భయం. కాని ఆవిడకి ఆ లెక్క లేకపోతే పనే లేదు. ఎంతమంది పుట్టి ఎంతమంది నిలిచారో తెలియకుండా జనం ఎందుకు పెరిగారో ఎలా చెబుతారు?

ఒకరోజు కె.కోటపాడు వైపు ఒక పల్లెలో అలాగే మాట ఆగిపోయింది. లేచి వచ్చేస్తామనుకున్నాను. ఆవిడ చేతిలో ఉన్న చింతపండు గిన్నెలో పెట్టి, "నాకు ఇద్దరు పుట్టేరమ్మా. బాబు, పాప. ఇద్దరూ పోయేరు" అన్నారు. మీది ఏ ఊరని అడిగితే జవాబు చెప్పినట్టు చెప్పారు.

ఆ ఇంటి కోడలు తలెత్తింది. "ఏ ఈడులోనమ్మా?"

"బాబుకి నాలుగో ఏడు. పాప అప్పుడే పాకుతోంది."

"అయ్యో నా తల్లి" అంటూ ఆ అమ్మాయి దగ్గరికి జరిగింది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. తొలిచూలు మగపిల్లాడు, బోర్లాపడే వేళకి పోయాడు. ఆ తర్వాత ఆడపిల్ల. చెబుతూ చెబుతూ, ఆ పిల్లకి వేలు నోట్లో పెట్టుకునే అలవాటుండేదని నవ్వింది కూడా. ఆ పిల్ల సంగతి ఆ అమ్మాయిని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. అత్తగారు గోడవైపు తిరిగి కొంగు కళ్ళకద్దుకుంది.

తిరుగు ప్రయాణంలో బండిలో నాకు అదే ఆలోచన. నెలల తరబడి మా ఇంట్లో ఉన్న మనిషి, ఆ సంగతి మాకు ఎన్నడూ చెప్పలేదు. ఊరు దాటాక, "అలా చెప్పడం మీకు కష్టంగా లేదా అక్కగారూ?" అని అడిగాను.

"నేను చెప్పకపోతే వాళ్ళు చెప్పరు చెల్లీ" అన్నారు.

ఆ రోజునుంచి ప్రతి ఇంట్లోనూ అలాగే చెప్పారు. నాకు ఇద్దరు పుట్టేరమ్మా, ఇద్దరూ పోయేరు. గుమ్మంలో, పశువుల శాలలో, బెల్లం పొయ్యి పక్కన, ఎన్నిచోట్ల విన్నానో. కొన్నాళ్ళకి మళ్ళీ నేనే అడిగాను. "మొదట్లో గొంతులో అడ్డుపడేది. ఇప్పుడు నోటికి వచ్చేసింది" అన్నారు. కొంతదూరం నడిచాక, "అదే కష్టంగా ఉంది" అన్నారు.

మిగతాది ముక్కలుముక్కలుగా తెలిసింది. యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు పట్నమంతా ఖాళీ అయిపోయింది కదా. భర్త ఉద్యోగం మద్రాసులో. ఆవిడ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మా వైపు ఒక పల్లెలో బంధువులింటికి వచ్చి తలదాచుకున్నారు. ఆ వానాకాలం చలిజ్వరం ఆ ఊరిని ఊడ్చిపెట్టేసింది. "బాంబుకి భయపడి తీసుకొచ్చి దోమలకి అప్పజెప్పేను" అని ఒక్కసారే అన్నారు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారట. ఆయన ఉత్తరాదికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. ఈవిడ పుస్తకం పట్టుకున్నారు. ఎమ్.ఏ. దాకా చదివారు. పరిశోధనకి ఏ తాలూకా కావాలో కోరుకోమంటే ఈ తాలూకాయే కోరుకున్నారు.

వడ్డాది వెళ్ళే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ సన్నమ్మ అనే మనిషితో ఆవిడకి స్నేహం కుదిరింది. సన్నమ్మ భర్త సింహాచలం. కొంచెం చెరకు, కొంచెం వరి పండించుకునే రైతు. సన్నమ్మకి పుట్టిన బిడ్డల్లో ఒక్క కొడుకే మిగిలాడు. మిగతా నలుగురి పేర్లూ సన్నమ్మ తడుముకోకుండా చెప్పేది. నూకాలు, అప్పలకొండ, పైడితల్లి, నూకరాజు. "నూకరాజుగాడు బతికుంటే ఈపాటికి నాగలి అట్టుకునేవోడమ్మా" అనేది, పొలానికి వెళ్ళి ఇంకా రాలేదన్నట్టుగా. లెక్కల పని అయిపోయిన ఇల్లయినా, అటు వెళ్ళినప్పుడల్లా ఆవిడ సన్నమ్మ గుమ్మంలో కాసేపు కూర్చోకుండా వచ్చేవారు కాదు. సన్నమ్మ కొత్తబెల్లం ముక్క ఆకులో పెట్టి ఇచ్చేది. తీపి ముట్టని మనిషి అది మాత్రం చప్పరిస్తూ దారంతా నడిచేవారు.

లెక్కలు ఒక కొలిక్కి వస్తున్నకొద్దీ ఆవిడ మాట తగ్గింది. పిల్లలు ఎక్కువగా నిలిచిన ఇళ్ళలో పొలం ముక్కలైపోయింది. అన్నదమ్ములు కూలికి పోతున్నారు. కోతలకి చేతులు ఎక్కువయ్యేసరికి కూలి రేటు దిగింది. పిల్లలు పోయిన ఇళ్ళలో పొలం ముక్క కాలేదు. చెరకు వేయగలుగుతున్నారు. పూటకి పూట తింటున్నారు. ఎన్ని రకాలుగా వేసి చూసినా లెక్క అలాగే తేలింది. "అలా రాకూడదని మళ్ళీ వేస్తున్నాను చెల్లీ. అలాగే వస్తోంది" అన్నారొకసారి, కాగితాలమీద రెండు చేతులూ పెట్టుకుని.

ఆ ఏడు మద్రాసునుంచి ఆవిడ పై అధికారి పని చూడటానికి వచ్చారు. జీపులో నలుగురం వడ్డాది దారిన వెళ్ళాం. ఆయన చెడ్డవాడేమీ కాదు. చురుకైనవాడు, ఎండకి వెరవకుండా ప్రతి వీధీ తిరిగాడు. సన్నమ్మ ఇంటిముందు ఆగి, వెంట ఉన్న డ్రైవరుకీ, గ్రామ మునసబుకీ అర్థమవాలని కాబోలు, పెద్ద గొంతుతో వివరించాడు.

"చూడండి, పక్కింట్లో అయిదుగురు మగపిల్లలు బతికారు. పొలం అయిదు ముక్కలవుతుంది, అందరూ కూలీలవుతారు. ఈ ఇంట్లో నలుగురు పోయారు. ఒక్కడే మిగిలాడు. పొలం నిలిచింది. వీళ్ళు పైకొస్తారు. బ్రహ్మాండమైన ఉదాహరణ."

సన్నమ్మ వాకిట్లో నిలబడి వింటోంది. అప్పటికి మళ్ళీ నెలలు నిండుతున్న మనిషి. ఆయన జీపు దగ్గరికి వెళ్ళగానే లెక్కలమ్మగారి దగ్గరికి వచ్చింది.

"ఆ బాబు సెప్పింది నిజమేనేటమ్మా? నా గుంటలు, ఆ నలుగురూ పోబట్టి మాకీ పొలం మిగిలినాదా?"

 కాదని చెప్పేస్తే బాగుండుననుకున్నాను. ఆవిడ అబద్ధం ఆడలేదు.

"లెక్కలో అలాగే వచ్చింది సన్నమ్మా" అన్నారు.

సన్నమ్మ పొలంవైపు చూసింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "పోనీలెండమ్మా" అంది. "ఊరికే పోనారనుకున్నాను ఇన్నాల్లూ. తమ్ముడికి పొలం ఇచ్చి పోనారన్నమాట. ఏదో సేసే పోనారు నా బిడ్డలు."

లెక్కలమ్మగారు ఏడవడం అప్పుడే చూశాను. వాకిట్లో, మునసబు చూస్తుండగా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చారు. సన్నమ్మే ఆవిణ్ణి పట్టుకుని, "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అని వీపు నిమిరింది.

మర్నాడు బడినుంచి వస్తూ గదిలోకి తొంగిచూశాను. ఊరికే కూర్చున్నారు. "రా చెల్లీ" అని పిలిచి, నేను కూర్చున్నాక అన్నారు. "నా పిల్లలుంటే నేను చదువుకునేదాన్ని కాదు. ఉద్యోగం ఉండేది కాదు. నలుగురిలో నా మాట వినేవారు కాదు. లెక్క వేస్తే నాకూ లాభమే వస్తుంది. ఆ మాట నిన్ననే తట్టింది."

 వెళ్ళి అమ్మనడిగి కాఫీ తెచ్చి ఇచ్చాను. అది అలాగే చల్లారిపోయింది.

పుష్యమాసంలో సన్నమ్మ పురిట్లో పోయింది. మాకు ఆ సంగతి తెలిసింది ఆమె అత్తగారు మా గుమ్మంలోకి వచ్చినప్పుడే. పాత చీర పేలికలో చుట్టిన పసిగుడ్డు ఆ ముసలిదాని చేతుల్లో ఉంది.

"ఆడగుంట తల్లీ. సన్నమ్మ ఎల్లిపోనాది. పోతాపోతా, 'ఇది బతికినాదని లెక్కలమ్మగోరికి సెప్పండి' అన్నాది. సెప్దామని తెచ్చినాను. మా కాడ పాలిచ్చే దిక్కు లేదు. మేకపాలు పోస్తే కక్కేస్తంది. సూడండమ్మా, గోళ్ళు నీలంగా అయిపోనాయి."

లెక్కలమ్మగారు చేతులు చాపారు.  బిడ్డని అందుకుని, ఆ నీలంగోళ్ళని అరచేతిలో పెట్టుకుని రుద్దారు.

మా అమ్మ మడీ మైలా అని ఒకపూట సణిగింది. రెండో పూటకి తనే కాళ్ళు చాపుకుని పీటమీద కూర్చుని, ఆ పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. ఆవుపాలు కాచి, నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టేవారు. మొదట్లో మింగేది కాదు. ఆవిడ ఓపిగ్గా చుక్కచుక్కగా పోసి, మింగిందా లేదా అని గొంతు దగ్గర వేలు పెట్టి చూసేవారు. మాఘం వెళ్ళేసరికి పిల్ల మొహం తేరుకుంది. వేసవికి బుగ్గలొచ్చాయి.

ఆవిడ పేరు పెట్టలేదు. "పేరు వాళ్ళ నాన్న పెడతాడు" అనేవారు. బుల్లీ అని పిలిచేవారు. పల్లెలు తిరగడం మానేశారు. మా వీధిగది దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, కాలిబొటనవేలికి తాడు చుట్టుకుని ఊపుతూ, చేత్తో రాసుకునేవారు. ఆవిడ పాడటం మేం విన్నది ఆ రోజుల్లోనే. జోలపాటలు రావో, వచ్చినా ఆ పాటలు పాడలేకపోయారో, తను తిరిగిన ఊళ్ళ పేర్లే పాడేవారు. గోవాడ, వడ్డాది, కోటపాడు, మళ్ళీ గోవాడ. రాగమేమీ ఉండేది కాదు. పిల్ల ఆ పేర్లకే నిద్రపోయేది. వంటింట్లో పని చేసుకుంటూ మా అమ్మ కూడా తనకి తెలియకుండా అవే ఊళ్ళు పాడేది.

పిల్ల బాగా కూర్చుంటోంది, ఎవరు పిలిచినా మెడ తిప్పుతోంది, ఆ రోజుల్లో ఒక ఉదయం సింహాచలం వచ్చాడు. వెనక పదహారు పదిహేడేళ్ళ అమ్మాయి. మెళ్ళో కొత్త పసుపుతాడు. పేరు గౌరమ్మ. మనువాడి నెలైనా కాలేదట. సింహాచలం గుమ్మం బయటే తల దించుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయే మాట్లాడింది.

"బిడ్డని తీసుకెల్దామని వచ్చినామమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడు గుర్తొచ్చిందేటి? పసిగుడ్డుగా ఉన్నప్పుడు తినే నోరని తెచ్చి పడేశారు" అన్నాను.

సింహాచలం ఇంకా కుంగిపోయాడు. గౌరమ్మ నాకేసి చూడలేదు. లెక్కలమ్మగారికేసే చూస్తోంది. "ఈయన అడగలేదమ్మా. తగదన్నాడు. నానే రమ్మన్నాను. తల్లిలేని గుంట ఎక్కడో ఉంటే, ఆ ఇంట్లో అన్నం నాకు గొంతు దిగట్లేదు. గుంటడు కూడా సెల్లేదని అడుగుతన్నాడు. నాను సాకుతాను. మీరు ఒల్లనంటే ఊరికే ఓసారి ఎత్తుకుని ఎల్లిపోతాను."

ఆ అమ్మాయి చెడ్డదైతే ఎంత బాగుండేదో. పోట్లాడేవాళ్ళం. కనీసం తిట్టుకునేవాళ్ళం.

లెక్కలమ్మగారు లోపలికి వెళ్ళి పిల్లని తీసుకొచ్చి గౌరమ్మ చేతుల్లో పెట్టారు. ఎత్తుకోవడం ఆ అమ్మాయికి సరిగా రావట్లేదు. ఆవిడే చెయ్యి సరిచేశారు. "నడుం కింద పెట్టు. ఆఁ, అలాగ. కుడివైపు తిప్పి పడుకోబెడితే ఏడుస్తుంది. ఎడమవైపే పడుకోబెట్టు. పాలు మరీ వేడిగా పట్టకు. చెవిలో నీళ్ళు పోకుండా చూసుకో. చలిజ్వరం రోజుల్లో దోమతెర కట్టాలి. తెర నేను ఇస్తాను. తప్పకుండా కట్టాలి. ఏం?"

"కడతానమ్మా."

"తప్పకుండా కట్టాలి."

"ఒట్టమ్మా."

గౌరమ్మ వంగి కాళ్ళకి దండం పెట్టింది. "మీ బిడ్డే అమ్మా. ఎప్పుడైనా రండి, సూసుకోండి."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ నిలబడ్డారు. పిల్ల ఏడవలేదు. గౌరమ్మ మెళ్ళో పసుపుతాడు పట్టుకుని ఆడుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ లోపలికి వచ్చి ఉయ్యాల చీర విప్పి, మడత పెట్టి, మా అమ్మకిచ్చారు. అమ్మ ఆ చీర పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"పోట్లాడాల్సింది అక్కగారూ. సన్నమ్మ మీకే చెప్పింది" అన్నాను.

"బతికిందని చెప్పమంది. ఉంచుకోమని అనలేదు" అన్నారు.

ఆ వారమే మద్రాసు ప్రయాణమయ్యారు. పోయేముందు నేను, "ఎప్పుడైనా వచ్చి చూసుకోండి, గౌరమ్మ రమ్మంది కదా" అంటే తల అడ్డంగా ఊపారు. "నేను వెళితే ఆ గుంటకి ఇద్దరమ్మలవుతాం. పిల్లకి ఒక్కతే చాలు. ఆ గౌరమ్మ చిన్నపిల్ల, దానికి బెంగ పెట్టకూడదు."

ఆ తర్వాత ఆవిణ్ణి ఒక్కసారే చూశాను. పరీక్షకని విశాఖపట్నం వెళ్ళినప్పుడు వాకబు చేసుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. పరిశోధన మానేసి, మద్రాసు వదిలి వచ్చి అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. తల సగం నెరిసింది. మా అమ్మ గురించి, నాన్నగారి కోర్టు గురించి, వీధికుక్కల గురించి కూడా అడిగారు. మీ పుస్తకం వచ్చిందా అని నేను అడిగాను.

"అచ్చు వేశారు. చావుల లెక్కతో పాటు ఆ తల్లుల లెక్క కూడా వెయ్యాలి, మోసి, కని, పాలిచ్చి, పాతిపెట్టిన ఏళ్ళు ఎక్కడా రాలేదు అని ఒక అధ్యాయం రాసేను. అది కొలవడానికి వీల్లేదని తీసేశారు."

"సన్నమ్మ ఇల్లు ఉందా అందులో?"

"ఉంది. లాభం వైపు ఉంది."

పిల్ల ఊసు ఆవిడ ఎత్తలేదు. అడుగుతారేమోనని చాలాసేపు కూర్చున్నాను. చివరికి నేనే, "బుల్లి నడుస్తోంది. వాళ్ళమ్మ పేరే పెట్టేరు. సన్ని అంటారు" అని చెప్పాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నేను చెప్పులు వేసుకుంటుండగా గుమ్మం దాకా వచ్చి, "జుట్టు ఒత్తుగా వచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. తలుపు నెమ్మదిగా వేసుకున్నారు.

అనకాపల్లి నుంచి వచ్చాక మొదటి ఆదివారం వడ్డాది దారిన ఆ పల్లెకి వెళ్ళాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. మా అమ్మ నాతో రాలేకపోయింది. రెండు రోజులుగా సరిగా తినడం లేదు.

గౌరమ్మ ఒళ్ళు చేసింది. చంకలో ఏడాది పిల్లాడు. సన్ని వాకిట్లో గుజ్జనగూళ్ళు ఆడుకుంటోంది. మొహమంతా మట్టి. ఒత్తయిన జుట్టు రెండు జడలు వేసుకుంది. నన్ను చూసి నవ్వి మళ్ళీ ఆటలో పడింది.

కబురు చెబితే గౌరమ్మ ఉన్నచోటే కూలబడింది. "ఒక్కసారి కూడా రాలేదు సూడండి. ప్రతి పండక్కీ సూసినాను. వస్తాదేమో, గుంటని సూపిద్దామని" అంటూ ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, నన్నొక మాట అడిగింది.

"మరి దీనికి మైలుంటాదేటండి, పంతులమ్మగోరూ?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పాను. "ఉండదు గౌరమ్మా. కన్నతల్లి కాదు, చుట్టం కాదు. నెత్తురు సంబంధం లేదు. శాస్త్రం ప్రకారం ఎవరికీ ఏమీ ఉండదు."

 గౌరమ్మ పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి లేచింది. వాకిట్లోకి వెళ్ళి సన్నిని చెయ్యి పట్టుకుని లేవదీసి, గోలెం దగ్గరికి తీసుకెళ్ళి, కట్టుబట్టలతోనే తలమీంచి చెంబెడు నీళ్ళు పోసింది.

సన్ని ఎగిరిపడింది. "ఏటే అమ్మా! పొద్దుటే పోసినావు కదే! సల్లగున్నాయే!"

"ఊరుకో తల్లీ. మీయమ్మ పోనాదే."

పిల్ల కళ్ళలోంచి నీళ్ళు తుడుచుకుని తల్లికేసి వింతగా చూసింది. "నువ్వున్నావు కదే" అంది.

 గౌరమ్మ చెంబు మళ్ళీ ముంచి, చెయ్యి పిల్ల నుదుటికి అడ్డం పెట్టి, నీళ్ళు చెవిలో పోకుండా నెమ్మదిగా పోసింది.